ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఇటుకల లోడు: అపోహలు – వాస్తవాలు

ఇటుకలు ఎక్కించే చోట నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట, "ఇన్ని టన్నుల బరువు ఎక్కడికి కదులుతుంది?" అన్నది. లోడు కట్టించే పనిలో ఉన్నవాడిగా, తక్కిన అపోహలు చాలావరకు ఈ మాట నుంచే పుడతాయని నా అభిప్రాయం.

అపోహ: బరువైన లోడు తనంతట తానే నిలుస్తుంది.

బరువు పెరిగితే ప్యాలెట్‌కూ (ఇటుకలు పేర్చే చెక్క పలకకూ) లారీ బెడ్‌కూ (లోడు పెట్టే చదునైన వేదికకూ) మధ్య ఘర్షణ పెరిగే మాట నిజమే కానీ, బ్రేకు వేసినప్పుడు లోడును ముందుకు నెట్టే బలం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి, ఒక టన్ను జారే చోట పది టన్నులూ జారుతాయి. లోడు ముందు వైపుకు తన బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కూ 50 శాతం బలాన్ని తట్టుకోవాలని యూరప్ ప్రమాణాలూ అమెరికా నిబంధనలూ అడుగుతాయి. ఘర్షణ గుణకం, అంటే బరువులో ఎంత వంతు ఘర్షణగా పనిచేస్తుందో చెప్పే అంకె, 0.4 అనుకుంటే ఆ 80లో సగాన్ని ఘర్షణే భరిస్తుంది. మిగిలిన సగం లోడును కట్టే బెల్టుల మీదో, క్యాబిన్ వెనుక ఉన్న అడ్డుగోడ మీదో పడుతుంది. అది కూడా బెడ్ శుభ్రంగా ఉన్నప్పటి మాట. లోడు దించిన బెడ్‌ను అరచేత్తో తుడిస్తే ఎర్రటి పొడి అంటుకుంటుంది, దాని కింద చిన్న చిన్న ఇటుక ముక్కలు గోళీల్లా దొర్లుతుంటాయి. వాటి మీదే కొత్త ప్యాలెట్ దించితే ఘర్షణ లెక్కలన్నీ తప్పుతాయి. అందుకే నేను ముందు అడిగేది చీపురు, ఆ తర్వాతే బెల్టులు.

అపోహ: బెల్టు మీద 2500 అని రాసి ఉంది కాబట్టి రెండు బెల్టులు ఐదు టన్నులను ఆపుతాయి.

బెల్టుకు ఉండే ఆ చీటీని చివరిదాకా చదవాలి. ఎల్‌సీ 2500 అన్నది బెల్టు నేరుగా లాగినప్పుడు ఎంత భరించగలదో చెబుతుంది. లోడు పై నుంచి వేసిన బెల్టు చేసే పని వేరు. అది ప్యాక్‌ను, అంటే ప్యాలెట్ మీది ఇటుకల కట్టను, కిందికి అదిమి ఘర్షణను పెంచుతుంది. చేత్తో రాచెట్ (బెల్టును బిగించే పళ్ల చక్రం) బిగిస్తే బెల్టులో ఎంత బిగువు వస్తుందో చెప్పేది అదే చీటీ మీద ఉండే ఎస్‌టీఎఫ్ అంకె. అది 350, అంటే సుమారు 350 కిలోల బలం, అనుకుంటే రెండు వైపులా కలిపి సుమారు 700 కిలోల అదుము వస్తుంది, 0.4 గుణకంతో దాని ఫలితం 280 కిలోలే. అడ్డుగోడకు ఆనని ఒక టన్ను ప్యాక్‌కు, దాని సొంత ఘర్షణ పోగా, ముందుకు జారకుండా ఇంకా కావలసింది 400 కిలోలు. అదే ప్యాక్ కింద 0.6 గుణకం ఉన్న రబ్బరు చాప పరిస్తే కావలసింది 200కు తగ్గి, ఒక బెల్టు ఇచ్చేది 420కి పెరుగుతుంది. భద్రతా గుణకాలు కలపని ముతక లెక్క ఇది, పైగా బెల్టు నిటారుగా దిగినప్పటిది. బెల్టు బెడ్‌తో 30 డిగ్రీల కోణంలో వాలితే అదుము సగమే మిగులుతుంది.

అపోహ: ప్యాక్ చుట్టూ పట్టీలూ ప్లాస్టిక్ తొడుగూ ఉన్నాయి, అవి చాలు.

అవి ఇటుకను ఇటుకతో పట్టి ఉంచుతాయి, ప్యాక్‌ను లారీతో కాదు.

అపోహ: మూలలకు రక్షణ అంచులు పెట్టేది ఇటుకలు విరగకుండా ఉండటానికే.

విరగకుండా కాపాడటం అందులో ఒక భాగం. ఇటుక అంచు గరుకుగా ఉంటుంది, దారిలో లారీ ఊగిన ప్రతిసారీ బెల్టును కోస్తుంది. పాత బెల్టు అంచు వెంట వేళ్లు జార్చితే గోరంత కోతలు చేతికి తగులుతాయి. అలాంటి బెల్టును, ముడి వేసి అతికించినదాన్ని నేను లోడు మీదికి రానివ్వను. మూలలో ఒక్క ఇటుక నలిగినా బెల్టు వదులవుతుంది. నున్నటి రక్షణ అంచు ఉంటే బెల్టు దాని మీదుగా జారి, రాచెట్ లేని రెండో వైపుకు కూడా బిగువు చక్కగా అందుతుంది.

అపోహ: బయలుదేరే ముందు బిగిస్తే గమ్యం దాకా చూడనక్కరలేదు.

కుదుపులకు ఇటుకలు ఒకదానిలో ఒకటి సర్దుకుని ప్యాక్ కాస్త కుంగుతుంది, ఆ కాస్తకే బెల్టు బిగువు పోతుంది. మొదటి 50 మైళ్లలో, అంటే సుమారు 80 కిలోమీటర్లలోపే ఒకసారి ఆగి చూడాలని అమెరికా నిబంధన చెబుతుంది. ఇటుకల విషయంలో నాకు అది కూడా ఆలస్యమనే అనిపిస్తుంది. పది కిలోమీటర్ల తర్వాత ఆపి చూసినప్పుడు, రాచెట్ ఇంకో రెండు పళ్లు తిరగని లోడు నాకు చాలా అరుదుగా కనిపించింది.