ఒకే యుద్ధం, ఇద్దరు ప్రధానులు

పిల్లల్ని హైదరాబాద్ జూపార్కుకి తీసుకెళ్లినప్పుడల్లా, వాళ్లు తిరిగి తిరిగి అలిసిపోయాక, ఆనుకునే ఉన్న మీర్ ఆలం చెరువు దగ్గర కాసేపు నిలబడతాను. మామూలు చెరువుకట్టలా అది తిన్నగా సాగదు. 21 అర్ధచంద్రాకారపు రాతి గోడలు వరసగా చేతులు పట్టుకున్నట్టు ఉండి, నీళ్లవైపు పొట్ట ఉబ్బించి, చెరువు బరువంతా మోస్తుంటాయి. కట్టి రెండు వందల ఏళ్లు దాటింది. గండిపేట, హిమాయత్‌సాగర్ రాకముందు నగరం తాగింది ఈ నీళ్లే.

దీన్ని కట్టించిన మీర్ ఆలం 1804 నుంచి 1808లో కన్నుమూసేదాకా నిజాం రాజ్యానికి దివాను. అంటే ప్రధానమంత్రి. అంతకు ఐదేళ్ల ముందు ఆయన దండు నడిపాడు. 1799లో ఈస్టిండియా కంపెనీతో కలిసి టిప్పు సుల్తాన్ మీదకు వెళ్లిన నిజాం సేన ఆయన చేతికిందే ఉంది. శ్రీరంగపట్నం కొల్లసొమ్ములో తన వాటాతోనే ఈ చెరువు కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు.

అదే దండయాత్రలో నిజాం సేనకు తోడుగా వచ్చిన కంపెనీ దళాల బాధ్యత 29 ఏళ్ల కల్నల్ ఒకడికి అప్పగించారు. గవర్నర్ జనరల్‌కు స్వయానా తమ్ముడు. పేరు ఆర్థర్ వెల్లెస్లీ. డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌గా 1828లో బ్రిటన్ ప్రధాని అయ్యింది ఈయనే. ఒకే యుద్ధం హైదరాబాద్‌కు ఒక ప్రధానిని, లండన్‌కు ఒక ప్రధానిని తయారుచేసింది.

నాయకుడు ఒకప్పుడు యూనిఫాం వేసుకున్నాడంటే మనకు ఇట్టే గౌరవం పుడుతుంది. పుట్టడంలో తప్పులేదు. కానీ ఆయన ఏ యుద్ధం చేశాడు, ఎవరి నేల మీద చేశాడు, దాని ఖర్చు ఎవరు భరించారు అన్నవి కూడా అడగాలి. వలస పాలన నాటి యుద్ధాల విషయంలో మరీ అడగాలి. హైదరాబాద్‌లో ఉంటూ అడగకపోతే ఇంకెక్కడ అడుగుతాం?

ఖర్చు లెక్క మన దగ్గరే ఉంది. 1798 ఒప్పందం ప్రకారం ఆరు కంపెనీ పటాలాల్ని పోషించడానికి నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన సుమారు 14 వేల మంది దళాన్ని రద్దుచేయాలి. రేమండ్ అప్పటికే చనిపోయాడు. ఆయన పేరే జనం నోట్లో నలిగి మూసారంబాగ్ అయిందంటారు. టిప్పు పడిపోయాక నిజాంకు కొంత భూమి వాటాగా వచ్చింది. పట్టుమని రెండేళ్లు కూడా మిగల్లేదు. 1800లో మరో ఒప్పందం రాయించుకుని, సైన్యం ఖర్చు కింద ఆ భూమినీ, అంతకుముందు 1792లో మైసూరు నుంచి వచ్చిన భూమినీ కంపెనీ తీసేసుకుంది. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలకు దత్తమండలాలన్న పేరు అలా పడింది. ఎవరిని ఎవరు ఎవరికి దత్తమిచ్చారన్న బాధ అక్కడివాళ్లలో తరతరాలుగా ఉండిపోయింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించేదాకా ఆ మాట వాళ్లను వదల్లేదు.

వెల్లెస్లీ యుద్ధం నేర్చుకుంది కూడా ఇక్కడే. ఆయన ఉత్తరాల నిండా ఎడ్లు, బియ్యం గురించే. దక్కన్‌లో సైన్యం నడవాలంటే లంబాడీల ఎడ్ల బిడారులు గింజలు మోసుకొచ్చి అందించాలి. ఇక సిపాయిల్లో తెలుగువాళ్లు ఎంతగా ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయిని తిలంగా అనే పిలిచేవారు. 1803 సెప్టెంబరు 23న, అప్పటి నిజాం రాజ్యపు అంచున ఉన్న అస్సాయే దగ్గర మరాఠాలతో జరిగిన పోరులో వెల్లెస్లీ వైపు చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి సుమారు 1,600 మంది. మీరు చేసిన యుద్ధాల్లో గొప్పది ఏదని ముసలితనంలో అడిగితే, ఆయన వాటర్లూ పేరు చెప్పలేదు, అస్సాయే పేరు చెప్పాడట.

ప్రధానిగా ఆయనకు దక్కాల్సిన మెచ్చుకోలు ఒకటుంది. 1829లో కాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరిచాడు. లేకపోతే ఐర్లండ్‌లో అంతర్యుద్ధం వస్తుందని భయపడ్డాడు, యుద్ధం చూసినవాణ్ణి కనుకే ఈ మాట చెబుతున్నానని సభలో అన్నాడు. మరుసటి ఏడాది మాత్రం ఓటుహక్కు సంస్కరణ అక్కర్లేదని భీష్మించి, రెండు వారాల్లో ప్రభుత్వాన్ని పోగొట్టుకున్నాడు.

టిప్పు మీద దండయాత్ర జరిగిన దాదాపు వందేళ్ల తర్వాత హైదరాబాద్‌కు మరో కుర్ర అధికారి వచ్చాడు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్. 1896 నవంబరులో బెంగళూరు నుంచి పోలో ఆడటానికి వచ్చాడు, ఆయన రెజిమెంటు గోల్కొండ కప్పు గెలిచింది. ఇక్కడి రెసిడెంటు, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి, కూతురు పమేలా ప్లౌడెన్‌తో కలిసి ఏనుగెక్కి నగరం చూడబోతున్నానని తల్లికి ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది వాయవ్య సరిహద్దులో పఠాన్ల ఊళ్లు తగలబెట్టి, బావులు పూడ్చిన దండయాత్రలో ఉన్నాడు, ఆ సంగతులు తనే రాశాడు. తర్వాత సూడాన్, ఆపైన దక్షిణాఫ్రికా. 1899 డిసెంబరులో, అక్కడ బ్రిటన్‌తో పోరాడుతున్న డచ్చి సంతతి బోయర్ల చెరనుంచి తప్పించుకున్న పేరు 1900లో ఆయన్ని పార్లమెంటుకు పంపింది. ఆ యుద్ధంలోనే స్పియన్ కాప్ దగ్గర క్షతగాత్రుల్ని మోసినవాళ్లలో మోహన్‌దాస్ గాంధీ ఉన్నాడు. అవతలివైపు బోయర్లను నడిపిన లూయీ బోతా 1910లో దక్షిణాఫ్రికా తొలి ప్రధాని అయ్యాడు. గాంధీ తనకొచ్చిన పతకాల్ని 1920లో తిప్పి పంపేశాడు.

వలస యుద్ధాల్లో తయారైన నాయకుల జాబితా ఇరవయ్యో శతాబ్దంలో ఇంకా చీకటిగా ఉంటుంది. ఉగాండా నియంత ఈదీ అమీన్ కెన్యాలో మౌమౌ తిరుగుబాటును అణచిన బ్రిటిష్ దళాల్లో పనిచేశాడు. మధ్యాఫ్రికా నియంత బొకాసా ఇండోచైనాలో ఫ్రాన్స్ తరపున పోరాడాడు. ఫ్రెంచి నాయకుడు జాన్ మరీ లెపెన్ 1957లో అల్జీర్స్‌లో పారాట్రూపర్. అక్కడ ఖైదీల్ని చిత్రహింసలు పెట్టాడన్న ఆరోపణలు ఆయన్ని జీవితాంతం వెంటాడాయి, మొదట్లో ఒప్పుకున్నట్టు మాట్లాడినా, తర్వాత ఆయన కాదంటూ వచ్చాడు.

చర్చిల్ హైదరాబాద్‌ను మర్చిపోలేదు. 1948 జూలైలో ప్రతిపక్ష నేతగా బ్రిటిష్ పార్లమెంటులో నిజాం పక్షాన మాట్లాడాడు. అప్పటికి తెలంగాణ పల్లెలు రజాకార్ల దాడులతో అల్లాడుతున్నాయి, రైతులు దొరల మీద తిరగబడి ఉన్నారు. సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఎద్రూస్ మొదటి ప్రపంచ యుద్ధంలో, చౌధురి రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ జెండా కింద పోరాడినవాళ్లే. ఆ తర్వాత 1949 చివరిదాకా చౌధురి మిలిటరీ గవర్నరుగా ఈ నగరం నుంచే రాజ్యాన్ని పాలించాడు.