డీజిల్ స్విఫ్ట్ చైన్: పేచీ ఎక్కడ మొదలైంది

లక్ష కిలోమీటర్లు దాటిన డీజిల్ స్విఫ్ట్‌ని క్లచ్ కోసం బెజవాడ ఆటోనగర్‌కి తెస్తే, టైమింగ్ చైన్ (ఇంజిన్‌లో వాల్వులూ పిస్టన్లూ వేళ తప్పకుండా కదిలేలా చూసే గొలుసు) కూడా పోయిందంటున్నారు మెకానిక్‌లు. చైన్ బండి ఉన్నంతకాలం వస్తుందిగా అంటున్నారు యజమానులు. ఈ పాత పేచీ మళ్లీ రేగింది.

దీని మూలం 2007లో ఉంది. అంతకుముందు ఇక్కడ ట్యాక్సీలుగా తిరిగిన ఇండికా డీజిళ్లకీ, ఇళ్లలోని మారుతి 800లకీ అదే పని చేసే రబ్బరు టైమింగ్ బెల్టే. దానికి కిలోమీటర్ల లెక్క ఉండేది, లెక్క దాటితే మార్చేసేవారు. 2007లో ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌తో స్విఫ్ట్ వచ్చింది, మరుసటి ఏడాది ఇండికా విస్టా కూడా అదే ఇంజిన్ పెట్టుకుంది. అందులో చైన్. సర్వీసు పట్టికలో బెల్ట్ గడి పోయింది, దాని చోట ఏదీ రాలేదు. ఒక ఖర్చు తప్పిందనుకున్నారు జనం.

ఆయిల్ వేళకి మారిస్తే చైన్‌కి గడువు అక్కర్లేదన్నది కంపెనీల మాట. ఆ ‘వేళకి’ దగ్గరే అంతా తేడా కొట్టింది. చైన్ సాగడమంటే ఇనుము సాగడం కాదు. లింకుల్లోని పిన్నులూ బుష్షులూ అరుగుతాయి. ఒక్కో లింకులో వెంట్రుకవాసి అరిగినా మొత్తం పొడవు పెరుగుతుంది. డీజిల్ మసి పట్టిన ఆయిల్ ఆ పిన్నులకు గరుకు కాగితమే. చైన్‌ని బిగబట్టే టెన్షనర్ నడిచేదీ ఆయిల్ ప్రెజర్ మీదే. పదివేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్‌ని ఇరవై వేలు లాగితే రెండూ దెబ్బతింటాయి. పొద్దున మొదటి స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే చైన్ వదులైందని అనుమానించాలి. ఆగింది కదా అని వదిలేస్తే ఒకరోజు చైన్ పళ్లచక్రం మీద పన్ను జారి, వాల్వులు పిస్టన్‌కి తగిలి, వాల్వుల్ని నొక్కే రాకర్ ఆర్ములు విరుగుతాయి. గుణదల కొండవాలులో బండిని పైకి తిప్పి, హ్యాండ్‌బ్రేక్ లేకుండా ఫస్ట్ గేర్‌లో వదిలినా ఇంజిన్ వెనక్కి తిరిగి వదులు చైన్ జారొచ్చు. మారిస్తే టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలతో సెట్టుగా మార్చాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ ఆపేసింది. ఇప్పుడు తిరుగుతున్నవి చాలావరకు చేతులు మారినవే, ఆయిల్ బిల్లులు దొరకనివే.

క్లచ్ మీద ఇంత గొడవ లేదు, అది అరిగేదేనని అందరికీ తెలుసు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పాకే బండికి 50, 60 వేల కిలోమీటర్లకే పోవచ్చు, గుంటూరు హైవే బండికి లక్ష దాటొచ్చు. నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతున్నట్టు. ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ ఒకేసారి వేయాలి. గేర్‌బాక్స్ దించినప్పుడే క్రాంక్ వెనుక ఆయిల్ సీల్ కూడా చూడాలి, అది కారితే కొత్త ప్లేటూ తడుస్తుంది.

రెండూ కలిపి చేస్తే లేబర్ కలిసొస్తుందన్న మాట మాత్రం ఈ ఇంజిన్‌కి నిలవదు. క్లచ్ గేర్‌బాక్స్ వైపు, చైన్ దానికి అవతల పుల్లీల వైపు ఉంటాయి. చైన్ పోయిందని మెకానిక్ అంటే, రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున స్టార్ట్ చేసి ఆ గలగల వినిపించమని యజమాని అడగాలి.