శాఖ వద్దన్న సంఘాలకు విశ్వాస ప్రకటన ఎలా వచ్చింది?

"మేము ఏ డినామినేషన్‌కూ (క్రైస్తవ శాఖకూ) చెందినవాళ్లం కాదు, బైబిలే మాకు ప్రమాణం" అని చెప్పుకునే సంఘాన్ని ఏదైనా తీసుకోండి. ఆ మాట వెనకే విశ్వాస ప్రకటన ఒకటి ఉంటుంది. త్రియేక దేవుడు, తప్పులేని లేఖనం, విశ్వాసం ద్వారా కృపచేత రక్షణ, నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం, ప్రభువు రెండవ రాకడ దాదాపు అన్నిచోట్లా కనిపిస్తాయి. మత్తయి సువార్త చివర్లోని ఆజ్ఞ ప్రకారం సమస్త జనులనూ శిష్యులుగా చేయడమే తమ పని అనీ రాసుకుంటారు. విశ్వాస ప్రమాణాలే మనుషుల్ని విడదీశాయని బయటికొచ్చినవాళ్లు మళ్లీ ఒకటి రాసుకోవాల్సి రావడం విచిత్రమే.

వర్గాల గొడవ కొత్తదేమీ కాదు. కొరింథు సంఘంలో "నేను పౌలువాడను", "నేను అపొల్లోవాడను" అని చీలిపోయినవారిని పౌలు మందలించాడు. "నేను క్రీస్తువాడను" అన్నవారినీ ఆ వరసలోనే చేర్చాడు. శాఖ లేదనేవాళ్లు ఈ సంగతిని అంతగా ప్రస్తావించరు.

శాఖలే వద్దన్న ఆలోచన ఉద్యమంగా మారింది మాత్రం అమెరికాలో. 1791 రాజ్యాంగ సవరణతో అక్కడ జాతీయ స్థాయిలో అధికారిక మతానికి తావు లేకుండా పోయింది. కొత్తగా జనం స్థిరపడుతున్న ప్రాంతాల్లో ప్రెస్బిటేరియన్లు, బాప్టిస్టులు, మెథడిస్టులు పోటీ పడ్డారు. 1801 ఆగస్టులో కెంటకీలోని కేన్‌ రిడ్జ్‌లో జరిగిన ఉజ్జీవ కూటాలకు (భక్తిని మేల్కొలిపే సభలకు) వేల మంది వచ్చారు. వేర్వేరు శాఖల బోధకులు ఒకే మైదానంలో ప్రసంగించారు. అక్కడి ప్రెస్బిటేరియన్ పాస్టర్ బార్టన్ స్టోన్, మరికొందరు బోధకులు తమ శాఖ నుంచి విడిపోయి స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రెస్బిటరీ అనే సొంత పాలక సభ పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే అది కూడా మరో శాఖే అవుతోందని గ్రహించి 1804 జూన్‌లో దాన్ని రద్దు చేశారు. రద్దు పత్రాన్ని వీలునామా రూపంలో రాశారు: ఈ సభ మరణించి క్రీస్తు శరీరంలో కలిసిపోవాలట. సంతకం పెట్టిన ఆరుగురిలో ఇద్దరు తర్వాత బ్రహ్మచర్యం పాటించే షేకర్లు అనే శాఖలో చేరారు, ఇద్దరు ప్రెస్బిటేరియన్లలోకే తిరిగి వెళ్లారు.

ఇదే కాలంలో ఐర్లండ్ నుంచి వచ్చిన థామస్ క్యాంప్‌బెల్, తన శాఖకు బయటివారైన ప్రెస్బిటేరియన్లకు ప్రభురాత్రి భోజనం ఇచ్చాడన్న ఆరోపణను ఎదుర్కొన్నాడు. 1809లో ఆయన ప్రచురించిన ప్రకటన సారం సులభంగానే ఉంది: లేఖనం మాట్లాడిన చోట మాట్లాడదాం, మౌనంగా ఉన్న చోట మౌనంగా ఉందాం. ఆచరణలోనే చిక్కంతా వచ్చింది. 1812లో ఆయన కొడుకు అలెగ్జాండర్‌కు బిడ్డ పుట్టింది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వాలా? లేఖనాలు వెతికిన అలెగ్జాండర్ అది విశ్వసించినవారికేనని తేల్చుకుని, తానూ కుటుంబమూ మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఐక్యత కోసం మొదలైన ప్రయాణంలో పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చేవారు అప్పుడే అవతలి ఒడ్డున మిగిలిపోయారు.

1832లో స్టోన్, క్యాంప్‌బెల్ అనుచరులు కలిశారు. కానీ ఆరాధనలో వాద్యాలు వాడొచ్చా, మిషనరీ సొసైటీలు పెట్టొచ్చా అన్న ప్రశ్నలు లేచాయి. లేఖనం మౌనంగా ఉందంటే నిషేధమని ఒకరు, స్వేచ్ఛ ఇచ్చిందని మరొకరు. 1906 మత గణన నాటికి వాళ్లు రెండు వేర్వేరు పేర్లతో నమోదయ్యారు.

నేటి స్వతంత్ర సంఘాల్లో ఎక్కువ భాగం నేరుగా వీరి సంతానం కాదు. 1920లలో బైబిల్‌ను ఆధునిక విజ్ఞానంతో సరిపెట్టుకోవాలన్న ఆధునికవాదులకూ, అందులో ప్రతి మాటా నిజమన్న మూలవాదులకూ జరిగిన పోరులో పెద్ద శాఖలను విడిచి వచ్చినవారిది ఒక పాయ. లేఖనానికి తప్పు లేదన్న వాక్యం విశ్వాస ప్రకటనల్లో అంత గట్టిగా ఉండటానికి ఆ పోరే పెద్ద కారణం. 1965లో చక్ స్మిత్ కాలిఫోర్నియాలోని కాల్వరీ చాపెల్‌కు పాస్టర్‌గా వచ్చాక హిప్పీ యువకులు, గిటార్లు, మామూలు బట్టలతో మొదలైన ఆరాధన ఇంకో పాయ. 2020 అమెరికా మత గణనలో ఇలాంటి సంఘాలు సుమారు 44 వేలు, వాటికి చెందినవారు 2 కోట్ల 10 లక్షల మంది. జనం లెక్కన పెద్ద ప్రొటెస్టెంట్ శాఖ అయిన సదరన్ బాప్టిస్టుల కంటే ఎక్కువ.

ఇంత పెరిగాక అసలు ప్రశ్న సిద్ధాంతం కన్నా అధికారం గురించే. పైన బిషప్ లేడు, సినడ్ (సంఘాలను పాలించే మహాసభ) లేదు. పాస్టర్‌నూ, కానుకల లెక్కనూ సంఘ పెద్దలే చూడాలి. ఆ పెద్దలను పాస్టరే ఎంచుకుంటే అడిగేవాడుండడు. ఆర్థిక జవాబుదారీతనం కోసం 1979లో ఏర్పడిన ఈసీఎఫ్ఏ లాంటి సంస్థల్లో కొన్ని సంఘాలు సభ్యత్వం తీసుకుంటాయి. అది స్వచ్ఛందమే.

స్వాతంత్ర్యానికి ఆస్తి కోణమూ ఉంది. యునైటెడ్ మెథడిస్ట్ చర్చిలో స్థానిక మందిరం డినామినేషన్ తరఫున ట్రస్టులో ఉంటుంది. స్వలింగ వివాహాల వివాదంలో 2019-2023 మధ్య 7,600కు పైగా సంఘాలు ఆ చర్చిని వీడినప్పుడు, తమ భవనం తాము ఉంచుకోవడానికి డబ్బు కట్టాల్సి వచ్చింది. వాటిలో చాలా సంఘాలు గ్లోబల్ మెథడిస్ట్ చర్చిలో చేరాయి. కొన్ని మాత్రం ఎక్కడా చేరకుండా సొంత నియమావళి రాసుకుని, మందిరాన్ని తమ పేరనే ఉంచుకున్నాయి.