మత్తడి దుంకే కన్ను

"సార్, గ్లిజరిన్ లేకుంట ఏడ్వొచ్చునా?"

అడిగింది హనుమకొండలో డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లగాడు. నాటకం నేర్చుకుంటున్నాడు. నేను ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పినవాణ్ణి, నాటకం చూడటమే తప్ప ఆడింది లేదు. అయినా ప్రశ్న నా గడపకే వచ్చింది, ఎందుకంటే వాళ్ళ గురువు "ఫీల్ కా, అదే వస్తది" అని వదిలేశాడట.

వాడి సీను ఆరు నిమిషాలు. దుబాయి నుంచి తండ్రి శవం పెట్టెలో ఇంటికొస్తుంది. ఆ పెట్టె గురించి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. కొడుకు పెట్టె దగ్గర కూర్చుని ఒక్క మాటే అంటాడు: "పొలం అమ్మలే నాయినా." అంతే సీను. పిల్లగాడు ఏడుపు కోసం చచ్చిపోయిన తన తాతను తలుచుకోవడం మొదలుపెట్టాడు. మొదటి రోజు బాగానే వచ్చిందట. నాలుగో రోజుకు కన్ను తడవలేదు సరికదా, తాతను వాడుకుంటున్నానన్న సిగ్గు పట్టుకుంది.

ఈ దారి రష్యాలో నటన నేర్పిన స్టానిస్లావ్‌స్కీ తొక్కిందే. భావ జ్ఞాపకం అనే ఆలోచన ఆయన ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో నుంచి తీసుకున్నాడు. తర్వాతి కాలంలో ఆయనే మనసును వెంటాడటం తగ్గించి, చేతులతో, ఒంటితో చేసే పనుల మీదికి మళ్ళాడు. తలుచుకున్న కొద్దీ దుఃఖం అరిగిపోతుంది. చెప్పులాగే.

మన భరతుడి లెక్క ఇంకా ముచ్చటైంది. నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, వెంట్రుకలు నిక్కడం, గొంతు మారడం, వణుకు, రంగు పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఫిజియాలజీ పుస్తకం పక్కన పెట్టుకుని ఈ జాబితా చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదిలో సగానికి పైగా, మన ఆజ్ఞ లేకుండా నడిచే స్వయంచోదిత నాడీవ్యవస్థ చేతి పనులే! "చెమట పట్టు" అంటే పట్టదు, "వెంట్రుకా నిక్కు" అంటే నిక్కదు. మనం చెప్పినట్టు వినే చెయ్యినీ కాలునీ ఆంగికంలో వేసి, చెప్పినా విననివాటిని వేరే అరలో పెట్టాడాయన. నరాన్ని కోసి చూడకుండానే.

ఇక్కడ టీచరుగా ఒక మాట. ఆ వ్యవస్థలో రెండు పాయలు, సింపథటిక్, పారాసింపథటిక్. సింపథటిక్ నాడులు ఏం చేస్తాయని పరీక్షలో అడిగితే "సానుభూతి చూపును" అని రాసిన పిల్లలు నాకు ఏటా ఒకరిద్దరు తగిలేవారు. పేరు అట్లా ఉంది మరి. నిజానికి గుండెను దౌడు తీయించేది, ముఖాన్ని పాలిపోయేలా చేసేది సింపథటిక్. కన్నీటి గ్రంథికి పని చెప్పేది ప్రధానంగా దాని సవతి, పారాసింపథటిక్. ఆ ఆజ్ఞ ఏడో కపాల నాడిలో బయల్దేరి, ముక్కు వెనక టెరిగోపాలటైన్ గాంగ్లియాన్ అనే నాడీకణాల ముడిలో బండి మారి, గ్రంథికి చేరుతుంది.

గ్రంథి కంటి గూటిలో పైన, బయటి మూలన ఉంటుంది. బాదం గింజ ఆకారం. ఇక్కణ్ణుంచి నాకు చెరువే కనిపిస్తుంది, ఏం చెయ్యను, పుట్టింది రామప్ప చెరువు కింద ఆయకట్టులో. కంటి లోపలి మూలను శరీరశాస్త్రం కూడా కన్నీటి చెరువనే అంటుంది: లేకస్ లాక్రిమాలిస్.

చెరువుకు వాగు కావాలి. ఆ వాగు ఈ గ్రంథి. మామూలు రోజుల్లో నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్లే వదులుతుంది. మైక్రోలీటరంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. చెరువుకు తూములు కావాలి. పై రెప్ప అంచున ఒకటి, కింది రెప్ప అంచున ఒకటి, ముక్కు వైపున సూది మొన చేసినంత రంధ్రాలు. అద్దంలో కింది రెప్ప లాగి చూస్తే కనిపిస్తాయి. అక్కణ్ణుంచి సన్న కాల్వలు, ఒక సంచి, చివరికి ముక్కులోకి గొట్టం. ఏడిస్తే ముక్కు కారేది ఇందుకే, అది చాలామటుకు కన్నీరే. తూము తెరిచి మూసే నీరటి ఎవరు? రెప్ప. మనం నిమిషానికి పదిహేను ఇరవై సార్లు రెప్ప కొడతాం. కొట్టిన ప్రతిసారీ నీటిని తూములోకి తోస్తుంది.

ఇక కట్ట. రెప్ప అంచు వెంట వరసగా మైబోమియన్ గ్రంథులున్నాయి, అవి నూనె వదులుతాయి. నూనె రాసిన అంచును నీరు తేలిగ్గా దాటదు. పెనం అంచుకు నూనె పూసి చూడండి. అందుకే నిండిన కన్ను కాసేపు నిండుగానే నిలబడుతుంది, చెంప మీదికి రాదు.

లెక్క చూద్దాం. కంట్లో ఎప్పుడూ ఉండే నీరు సుమారు 7 నుంచి 10 మైక్రోలీటర్లు. రెప్పలు ఆపగలిగేది 30 దాకా. అది దాటితే మత్తడి దుంకుతుంది, అంటే నిండిన చెరువు అలుగు మీంచి పొర్లినట్టు. కంటి మందు ఒక్క చుక్కే 30 నుంచి 50 ఉంటుంది, అందుకే చుక్క పడగానే చెంప తడుస్తుంది. మామూలు వాగును నమ్ముకుంటే, తూములన్నీ బిగించినా మత్తడికి పది ఇరవై నిమిషాలు పట్టాలి. మనవాడి సీను ఆరు నిమిషాలు. కాబట్టి వాగు పొంగాల్సిందే.

పొంగించే దొంగదారులున్నాయి. ఉల్లిగడ్డ తెలిసిందే. గ్లిజరిన్ కంటికి తగిలితే మండి నీళ్ళు తెప్పిస్తుంది, చెంప మీద పెడితే చిక్కగా మెల్లగా జారి నిజం చుక్కలా కనిపిస్తుంది. మెంథాల్ సంగతి మరీ రుచికరం. కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, దాని మీది నరాల కొసల్లో చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్ ఉంది. దాన్ని కనిపెట్టిన జూలియస్, పటపూటియన్ ఇద్దరికీ స్పర్శ, ఉష్ణోగ్రతల మీద చేసిన పనికి 2021లో నోబెల్ వచ్చింది. కంటి మీది నీటిపొర ఆవిరైతే కార్నియా కాస్త చల్లబడుతుంది. ఆ చల్లదనమే "చెరువు ఎండుతోంది" అనే కబురు. మెంథాల్ అదే తలుపు తట్టి దొంగ కబురు పంపుతుంది. రెప్ప కొట్టకుండా చూస్తూ కూర్చుంటే నీళ్ళొచ్చేదీ ఈ దారినే, పైగా నీరటి సెలవులో ఉంటాడు కాబట్టి తూములోకి పోయేదీ తక్కువ. ఇదొక్కటే పిల్లగాడికి పనికొస్తుందన్నాను. అమృతాంజనం కంటి దగ్గరికి తేవద్దని గట్టిగానే చెప్పాను, వాడి జేబులో డబ్బా చూశాను కాబట్టి.

కానీ ఇవన్నీ కంటి నీళ్ళే, ఏడుపు కాదు. ఏడుపు గొంతులో ఉంది. ఎనిమిదిలో స్వరభేదాన్ని అశ్రువు కంటే ముందు లెక్కపెట్టింది ఎందుకో నాకు తెలిసినట్టే అనిపిస్తుంది.

గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది చూశారా, దానికి సాధారణంగా చెప్పే కారణం ఇది. దుఃఖంలో ఒళ్ళు ఎక్కువ గాలి అడుగుతుంది, స్వరపేటిక తలుపు బార్లా తెరిచి ఉంచాలని చూస్తుంది. ఏడుపు ఆపుకునేవాడు మాటిమాటికీ గుటక వేస్తాడు. గుటక పడాలంటే అదే తలుపు మూసుకోవాలి. మాట్లాడాలన్నా స్వరతంత్రులు దగ్గరికి రావాల్సిందే, దూరంగా ఉంటే ఉత్త గాలే పోతుంది. ఒకరు తెరుస్తుంటే ఇద్దరు మూస్తున్నారు. ఆ పెనుగులాటే ముద్దలా తెలుస్తుంది, అదే మాటను విరుస్తుంది. తెరిచే కండరం ఒకే ఒక జత, పోస్టీరియర్ క్రైకోఎరిటినాయిడ్, మూసేవి చాలా. తెరిచినా మూసినా ఆజ్ఞ తెచ్చేది వేగస్ నాడి కొమ్మే. ఎడమ వైపు కొమ్మ గొంతు పక్కనుంచే ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద మలుపు తిరిగి మళ్ళీ గొంతుకొస్తుంది. హనుమకొండ నుంచి కాజీపేట పోవడానికి జనగామ చుట్టి వచ్చినట్టు.

అంటే ఏడవాలని చూసేవాడి గొంతులో పోట్లాట లేదు. ఏడవకూడదని చూసేవాడి గొంతులో ఉంది. మరి ఆ పోట్లాటను పిలిచేదెట్లా? గుండెకు చెప్పలేం, గ్రంథికి చెప్పలేం. ఊపిరికి చెప్పొచ్చు. తనంతట తాను నడుస్తూనే మన మాటా వినేది అదొక్కటే కాదు, రెప్ప కూడా అంతే. కానీ రెప్ప వెంట గుండె రాదు. ఊపిరి వెంట వస్తుంది: లోపలికి పీలిస్తే గుండె కాస్త వేగం, వదిలితే కాస్త నిదానం. చిలీలో సుజానా బ్లాక్ అనే శాస్త్రవేత్త 1970ల నుంచి దీని మీదే పనిచేసి, ఒక్కో భావానికి ఊపిరి, నిలుచునే తీరు, ముఖం ఎట్లుంటాయో విడదీసి నటులకు నేర్పింది. దుఃఖానికి ఆమె చెప్పినది: ముక్కుతో తునకలు తునకలుగా, ఎగశ్వాసలా పీల్చడం, నోరు తెరిచి ఒక్కసారిగా వదిలేయడం. ఇందులో తాత అక్కర్లేదు.

పూర్తయ్యాక బయటికి రావడం కూడా నేర్పుతారు: నిటారుగా నిలబడి, నెమ్మదిగా ఊపిరి తీసి, చేతులతో ముఖం తడుముకోవడం. మా ఊరి నాటకాల్లో పాడె మీద పడుకునే వేషం వేసినవాడు తెర పడగానే పెద్దగా నవ్వాలనేవారు, లేకుంటే అరిష్టం. అరిష్టం ఉత్తదే. నవ్వు మాత్రం ఉత్తది కాదు, ఊపిరి పాటను మార్చేస్తుంది. మూఢనమ్మకం అని నవ్వేసే నేను ఆ ఒక్క ఆచారాన్ని మాననివ్వను.

మొన్న మా వరండాలో చేసి చూపించాడు. పెట్టె లేదు, నా పాత ట్రంకు పెట్టె పెట్టుకున్నాడు. రెప్ప కొట్టకుండా తాళం వైపే చూస్తూ, నాలుగు తునకలుగా ఊపిరి పీల్చాడు. కంఠమణి ఒకసారి పైకి లేచి దిగింది. మాట అనబోయి ఆగి మళ్ళీ గుటక వేశాడు. "పొలం అమ్మలే" వరకు గొంతు బాగానే ఉంది. ఊపిరి అక్కడే అయిపోయింది. "నాయినా"లో మొదటి అక్షరం గాలిగానే వచ్చింది, రెండోది రానేలేదు.

లేచి మొదట అద్దం దగ్గరికి పోయాడు. "నీళ్ళు దుంకలే సార్," అన్నాడు నిరాశగా.

నేను నవ్వమన్నాను.