వీణ రిపేరు: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

అపోహ: వీణ బర్రుమంటే మేళం (తీగ నొక్కడానికి మైనంలో నిలబెట్టిన మెట్ల వరస) కట్టించాల్సిందే.

"మేళం పోయిందండీ" అంటూ నా దగ్గరికి వచ్చే వీణల్లో చాలావాటికి మేళం నిక్షేపంగా ఉంటుంది. ముందు చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. లంగరు (తీగ చివర శ్రుతి సర్దే చిన్న బిగింపు) ఒకటి వదులై అదురుతున్నా బర్రుమంటుంది.

సారణి వదిలి, అంటే మొదటి తీగను ఏ మెట్టూ నొక్కకుండా, మీటండి. అప్పుడే బర్రుమంటే నేను మొదట గుర్రం (తీగలు ఆనే వంతెన) వైపు చూస్తాను. దాని మీది రేకును తీగ ఏళ్ల తరబడి రాసి రాసి గాడి చేస్తుంది. వెలుగులో ఏటవాలుగా చూస్తే వెంట్రుకంత గీత కనిపిస్తుంది. సన్నటి ఆకురాయితో సరిచేయవచ్చు కానీ ఇంట్లో ప్రయత్నించొద్దు. రేకుకున్న ఆ కాస్త వంపులోనే నాదమంతా ఉంది. చదును చేశామా, వీణ మూగబోతుంది.

ఒక్క స్వరం దగ్గరే బర్రుమంటే ఆ మెట్టు అరిగి ఉండాలి, లేదా గుర్రం వైపున్న పక్క మెట్టు లేచి ఉండాలి. మైనం కాస్త వేడిచేసి సర్దితే సరిపోయే పని.

మేళం నిజంగా తప్పిందా అన్న అనుమానం ఉంటే 12వ మెట్టు నొక్కి చూడండి. వదిలిన సారణికి సరిగ్గా పై షడ్జమం పలకాలి. అక్కడ తేడా వచ్చి, మిగతా మెట్లూ తలో దారి పడితే అప్పుడు 24 మెట్లూ తీసి కట్టాలి. అన్నట్టు, ఈమధ్య వేరే మందం తీగ వేశారేమో గుర్తు చేసుకోండి. అదీ శ్రుతి తప్పిస్తుంది.

అపోహ: ఊడిన మెట్టుకు గమ్ము మైనం కన్నా గట్టిది.

గట్టిదే, చిక్కూ అదే. తేనెమైనంలో మసి కలిపి మెట్లు నిలబెట్టేది ఎప్పుడు కావాలన్నా వెంట్రుకవాసి జరుపుకోవడానికి. ఒకావిడ వీణకు వాళ్లబ్బాయి నాలుగు మెట్ల కింద ఇన్‌స్టంట్ గమ్ము పోశాడు. పది నిమిషాల పనికి నాకు ఒక పూట పట్టింది, గమ్ముతో పాటు చెక్క కూడా లేచొచ్చింది. మైనానికి పడనిది ఎండ. మే నెలలో కారులో వీణ వదిలేస్తే మెట్లు వాలిపోతాయి.

అపోహ: బిరడ (తీగ బిగించడానికి తిప్పే చెక్క మేకు) బిగుసుకుంటే కొబ్బరినూనె రాయాలి.

వద్దు. నూనె తాగిన బిరడ ఆ తర్వాత నిలవదు, శ్రుతి జారుతూనే ఉంటుంది. బిరడ తీసి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి.

అపోహ: బుర్ర (దండి కింద తగిలించే గుండ్రటి డొల్ల) పగిలితే వీణ పోయినట్టే.

బుర్ర విప్పి వేరేది బిగించుకోవచ్చు. ఇప్పుడు కాగితపు గుజ్జువి, ఫైబర్‌వి కూడా వస్తున్నాయి.

అపోహ: ఏకాండి వీణ పగలదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో కుండ (నాదం పలికే పెద్ద గుండ్రటి భాగం), దండి (మెట్లుండే పొడవాటి భాగం) ఒకే పనస దుంగలో తొలుస్తారు. అతుకు లేదు కాబట్టి అతుకు విడే భయం లేదు, అంతవరకే. అందులోనూ పైపలక వేరే ముక్కే. పైగా పనస చెక్క గాలి పొడిబారితే అడ్డంగా కుంచించుకుపోతుంది. అమెరికా చలికాలంలో హీటర్ పక్కన పెట్టిన వీణలకు కుండ మీద నిలువు చీలిక వచ్చిందని ఫోన్లు వస్తుంటాయి. చీలిక కొత్తదైతే పనస చెక్క రంపపు పొట్టు, జిగురు కూరకముందు నెల రోజులు ఆగమంటాను. గదిలో తేమ 50 శాతం దగ్గర నిలిస్తే కొంత దానంతటదే మూసుకుంటుంది. మిగిలినదానికి సన్నటి పనస పేడు చెక్కి అతికిస్తాను.