ఇంగ్లండ్ యాడర్ పాములు: అపోహలు, వాస్తవాలు

దక్షిణ ఇంగ్లండ్‌లోని హీథర్ పొదల మైదానాల్లో యాడర్ పాములను గమనించి, వివరాలు నమోదు చేసే వాలంటీర్లలో నేనొకడిని. ఇక్కడి తెలుగు కుటుంబాలు న్యూ ఫారెస్ట్‌కో, సర్రే కొండలకో వాకింగ్‌కి వెళ్లి పాము కనబడితే నాకు ఫోటో పంపి అడుగుతుంటారు. ఆ ప్రశ్నల్లో భయమే ఎక్కువ. నాకేమో ఈ పామంటే ప్రాణం. అందుకే తరచూ వినబడే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఈ చలి దేశంలో విషపాములు ఉండవు.

పాములు లేనిది ఐర్లండ్‌లో. బ్రిటన్‌లో సహజంగా ఉండేవి మూడు: గ్రాస్ స్నేక్, స్మూత్ స్నేక్, యాడర్. మనిషికి హాని చేసే విషం యాడర్‌కే ఉంది. వీపు పొడవునా జిగ్‌జాగ్ గీత, ఎర్రటి కన్ను, అందులో నిలువు కనుపాప దాని గుర్తులు. మగది బూడిద రంగు, ఆడది గోధుమ రంగు. ఒళ్లంతా నల్లగా ఉండేవి కూడా ఉంటాయి.

అపోహ: అది మన రక్తపింజరి లాంటిదే, కరిస్తే ప్రాణం పోతుంది.

రెండూ ఒకే కుటుంబం, నిజమే. కానీ బ్రిటన్‌లో యాడర్ కాటుతో చివరిసారి మనిషి చనిపోయింది 1975లో. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. చెయ్యంతా వాచిపోవచ్చు, అలర్జీ వస్తే ప్రమాదం కూడా. కాటు పడ్డ చోట కోయడం, పైన తాడు బిగించడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, చెయ్యి కదలకుండా ఉంచి ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. విరుగుడు మందు ఉంది. పామును చేత్తో పట్టుకోబోయి కాటు తిన్నవాళ్లే చాలామంది.

అపోహ: ఎండలు ముదిరిన జూలై, ఆగస్టుల్లోనే పాములు కనబడతాయి.

వేసవిలో వాటి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఎండలో పడుకోవాల్సిన పని తక్కువ. మాకు అసలు సీజన్ ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. చలికాలపు నిద్ర నుంచి మగవి ముందు లేస్తాయి, ఆడవి కొన్ని వారాలకు వస్తాయి. గాలి పెద్దగా లేని, పల్చటి ఎండ కాసే ఉదయం బయల్దేరాలి. దక్షిణానికి వాలుగా ఉన్న గట్టు, వెనక గోర్స్ ముళ్లపొద, ముందు ఎండిన బ్రాకెన్ (ఫెర్న్ జాతి మొక్క) ఆకులు కనబడితే అక్కడ ఆగాలి. నేల అదిరితే పాముకి తెలిసిపోతుంది, కాబట్టి అడుగు మెల్లగా పడాలి. మన నీడ దాని మీద పడకూడదు. నాలుగైదు మీటర్ల ముందున్న పొద అంచును బైనాక్యులర్‌తో వెతుక్కుంటూ పోవాలి. మగ యాడర్ చుట్ట చుట్టుకుని, ఎండ ఎక్కువ తగిలేలా పక్కటెముకలు విప్పి ఒళ్లు చదును చేసుకుంటుంది. మార్చిలో దాని చర్మం మట్టి అంటినట్టు మసకగా ఉంటుంది. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా పాలిపోతాయి. ఏప్రిల్‌లో కుబుసం వదిలాక ఆ వెండి ఒంటి మీద నల్లటి గీత చూడాలి, అబ్బ! నేను చూసిన పాముల్లో అంత అందమైనది ఇంకోటి లేదు.

అపోహ: పట్టుకుని గుర్తు వేయకపోతే ఏ పాము ఏదో తెలియదు.

తల మీది ముదురు మచ్చల అమరిక మన వేలిముద్రల్లాగే ఒక్కో యాడర్‌కి ఒక్కోలా ఉంటుంది. దూరం నుంచి జూమ్ లెన్స్‌తో తల పైభాగం ఫోటో తీసి పాతవాటితో పోలుస్తాం. తేదీ, సమయం, ఉష్ణోగ్రత, మగదా ఆడదా, కుబుసం విడిచిందా అన్నవి రాసుకుంటాం. చోటు వివరాలు స్థానిక వన్యప్రాణి రికార్డు కేంద్రానికే ఇస్తాం, సోషల్ మీడియాలో పెట్టం. మీరు ఫోటో పెట్టినా లొకేషన్ తీసేసి పెట్టండి.

అపోహ: పెనవేసుకున్న పాములు జతకడుతున్నట్టే.

మన పొలాల్లో జెర్రిపోతులు పైకి లేచి పెనవేసుకుంటే సయ్యాట అంటాం. అక్కడైనా ఇక్కడైనా అది సాధారణంగా రెండు మగపాముల కుస్తీ. ఆడది దగ్గర్లోనే పొదలో ఉంటుంది, ఓడిన మగది జారుకుంటుంది.

అపోహ: ఆపద వస్తే తల్లి పిల్లల్ని మింగి దాచుకుంటుంది.

ఇది ఇంగ్లిష్ పల్లెల్లో పాత నమ్మకం. యాడర్ గుడ్లు పెట్టదు, వేసవి చివర్లో పిల్లల్నే కంటుంది. చంపిన పాము కడుపులో పిల్లలు కనబడి ఈ కథ పుట్టి ఉంటుంది.

అపోహ: చట్టం ఉంది కదా, వాటికి ఢోకా లేదు.

1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం యాడర్‌ను కావాలని చంపడం, గాయపరచడం నేరం. అయినా అవి తగ్గిపోతున్నాయి. 2005లో మొదలైన 'మేక్ ది యాడర్ కౌంట్' సర్వే ఫలితాలు 2019లో వచ్చాయి. చూసిన చోట్లలో దాదాపు 90 శాతం చిన్న గుంపులే, అవి సగటున తగ్గుతున్నాయి. ఇలాగే సాగితే 2032 నాటికి కొద్ది చోట్లకే పరిమితం కావచ్చని అందులోని అంచనా. జనం రాకపోకల అలజడే ఎక్కువ ఇబ్బందిగా ఉందని సర్వే చేసినవాళ్లు చెప్పారు.

ఆడ యాడర్ సాధారణంగా ఏటా కనదు, ఒకసారి కన్నాక ఒళ్లు కోలుకోవాలి. పైగా ఏటా చలికాలానికి అదే బొరియకు తిరిగొస్తాయి కాబట్టి, పట్టి వేరే చోట వదిలితే మేలు చేసినట్టు కాదు. చలికాలంలో పొదలు కొట్టే యంత్రం ఆ గట్టు ఎక్కిందంటే లోపల నిద్రపోతున్నవన్నీ ఒకేసారి పోవచ్చు. అందుకే బొరియలున్న చోట్లను మ్యాప్‌లో గుర్తించి, ఆ గట్టు ముట్టుకోవద్దని భూమి చూసుకునేవాళ్లను అడుగుతాం. చాలామంది వింటారు. మీరు మార్చి, ఏప్రిల్‌లో అటు వెళితే దారి దిగకండి, కుక్క ఉంటే తాడు వదలకండి.