‘మనసు కుదిరాక మొదలుపెడతాను’: వాయిదాపై అపోహలు, వాస్తవాలు

కౌన్సెలింగ్‌కు వచ్చేవారిలో చాలామంది మొదటి పది నిమిషాల్లోనే ఒక మాట అంటారు: "చేయాలని తెలుసండీ, కానీ చేయబుద్ధి కావడం లేదు. మనసు కుదిరాక మొదలుపెడతాను." ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం అసలు బద్ధకం కూడా చేయదన్నది నా అనుభవం.

అపోహ: ముందు ఉత్సాహం పుట్టాలి, ఆ తరువాతే పని సాగుతుంది.

వాస్తవం: చాలా సందర్భాల్లో ముందు పని కదులుతుంది, ఉత్సాహం దాని వెనకాల వస్తుంది. కుంగుబాటుకు చికిత్సగా 1970లలో పీటర్ లెవిన్‌సన్ వంటి మనస్తత్వవేత్తలు పునాది వేసిన ‘బిహేవియరల్ యాక్టివేషన్’ పద్ధతి ఈ వరుస మీదే నిలబడింది; మనసు తేరుకునేదాకా ఆగకుండా చిన్నచిన్న పనులకు వేళ నిర్ణయించి చేయిస్తారు, వాటితోపాటే మనసూ కొంత కొంత తేరుకుంటుంది.

మనం వాయిదా వేసేది నిజానికి పనిని కాదు, ఆ పనిని తలచుకోగానే కలిగే బెరుకును, విసుగును, సిగ్గును. మనస్తత్వ పరిశోధకులు ఫూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ 2013లో వాదించింది కూడా ఇదే. పనిని పక్కన పెట్టగానే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి తప్పించుకున్నందుకు దక్కిన బహుమతిలా పనిచేసి, మర్నాడు మళ్లీ తప్పించుకోవడాన్నే నేర్పుతుంది. కాబట్టి ఎదురుచూసిన కొద్దీ మనసు కుదరదు సరికదా, మరింత మొరాయిస్తుంది.

ఒక పరిశోధక విద్యార్థిని నాలుగు నెలలుగా తన సిద్ధాంత వ్యాసం ఫైలు తెరవలేదు. తెరిస్తే పక్కన మార్గదర్శకుడి వ్యాఖ్యలు ఎర్రగా కనబడతాయని భయం. అధ్యాయం పూర్తిచేయమని నేను అడగలేదు. నా ఎదుటే ల్యాప్‌టాప్ తెరిచి మొదటి వ్యాఖ్యను పైకి చదవమన్నాను, అంతే. ఆమె వేలు మీట మీద చాలాసేపు ఆగిపోయింది. చివరికి చదివింది: "ఈ సంవత్సరం సరిచూడండి." నాలుగు నెలల భయం వెనక ఉన్నది నాలుగంకెల దిద్దుబాటు! రెండో వ్యాఖ్య నిజంగానే కఠినమైనది, దానికి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. అయినా ఆ రోజు ఫైలు మూసేయలేదు.

ఎలా మొదలుపెట్టాలన్న ప్రశ్నకు మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనల్లో పనికివచ్చే జవాబు ఉంది. "రేపు చేస్తాను" అనుకోవడం కాకుండా, "భోజనం ముగించి చేయి కడుక్కోగానే బల్ల ముందు కూర్చొని ఫైలు తెరుస్తాను" అని వేళనూ చోటునూ తొలి కదలికనూ ముందే ముడివేసుకోవాలి. ఇటువంటి ప్రణాళికలపై జరిగిన 94 పరీక్షలను కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో చెప్పుకోదగ్గ ప్రయోజనమే కనిపించింది. ఇతరులకు ఇంత చెప్పే నేనే ఒకసారి ఒక నివేదికను మూడు వారాలు ముట్టుకోక, ఆ మూడు వారాల్లో బీరువాను రెండుసార్లు సర్దాను. చివరికి కాగితం మీద తేదీ, విషయం మాత్రమే రాసి లేస్తానని నాతో ఒప్పందం చేసుకున్నాకే అది కదిలింది.

మిగిలిన అపోహలను త్వరగా ముగిస్తాను. గడువు మెడమీదికి వస్తేనే బాగా పనిచేస్తామన్నది చాలామంది భ్రమ: మనస్తత్వవేత్తలు టైస్, బామైస్టర్ 1997లో ప్రచురించిన అధ్యయనాల్లో వాయిదా వేసే విద్యార్థులు మొదట్లో నిశ్చింతగా ఉన్నా, చివరికి ఎక్కువ ఒత్తిడినీ తక్కువ మార్కులనూ తెచ్చుకున్నారు. తమను తాము తిట్టుకుంటే దారికి వస్తామనేవారికి 2010 నాటి మరో అధ్యయనం చెప్పాలి: మొదటి పరీక్షకు వాయిదా వేసినందుకు తమను క్షమించుకున్న విద్యార్థులే రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. 21 రోజుల్లో అలవాటు పడుతుందన్న ప్రచారానికీ ఆధారం లేదు. పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం అధ్యయనంలో అలవాటు పడేందుకు పట్టిన కాలపు మధ్యస్థ విలువ 66 రోజులు, మనిషి మనిషికీ తేడా 18 నుంచి 254 దాకా. ఇక "నా డోపమిన్ అయిపోయింది" అని దిగులుపడేవారికి ఒక మాట: మెదడులోని ఆ రసాయనం తొట్టిలో నీళ్లలా ఖాళీ అయ్యేది కాదు, దయచేసి అలా చెప్పే వీడియోలు చూడడం మానండి.

అయితే ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనులు కూడా రెండు వారాలకు మించి బరువనిపిస్తూ, నిద్ర, ఆకలి కూడా చెడిపోతే దానిని వాయిదా అలవాటుగా కొట్టిపారేయకూడదు. చిన్ననాటి నుంచీ ఏ పనిమీదా ధ్యాస నిలవనివారి సంగతీ అంతే. అటువంటివారు నా దగ్గరికి వచ్చినా నేను ముందు పంపేది మానసిక వైద్యుని దగ్గరికే.